పాత కార్లు, స్టేషన్ వ్యాగన్లు: సేకరణ, సంరక్షణ, సరిహద్దు కాగితాలు

పాత మోటారు కార్లను సేకరించి, వాటిని అసలు రూపంలో నిలిపి, నడిచే స్థితిలో కాపాడుకోవడం అనేక దేశాలలో జీవితకాలపు అభిరుచిగా స్థిరపడింది. మన దేశంలో ఈ మాట వినగానే సంస్థానాధీశుల రోల్స్ రాయిస్‌లే స్ఫురిస్తాయి. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదంలో ప్రదర్శనకు ఉంచిన నిజాంల పసుపురంగు రోల్స్ రాయిస్ అందుకు మంచి ఉదాహరణ. అటువంటి కార్లకు ప్రాసాదాలున్నాయి, కావలివారున్నారు. నిజంగా అంతరించిపోతున్నవి వేరు. నిన్నమొన్నటివరకు రైతు కుటుంబాలు, వైద్యులు, వర్తకులు వాడిన అంబాసిడర్లు, ఫియట్లు, హెరాల్డులు, వాటికంటె ముందుగా వాటి స్టేషన్ వ్యాగన్ రూపాలు కనుమరుగవుతున్నాయి.

ఇటువంటి బండి ఏ పాత ఇంటి పశువుల కొట్టం పక్కనో, తాతగారి పేరుమీదనే నేటికీ నిలిచి ఉంటే, దాని భవిష్యత్తును నిర్ణయించేవి రెండు: ఇనుముకు పట్టిన తుప్పు, పెట్టెలోని కాగితం. రాష్ట్రాల సరిహద్దున నివసించే తెలుగు కుటుంబాలకు రెండవదే ఎక్కువ చిక్కు తెచ్చిపెడుతుంది. ఈ వ్యాసంలో ఆ వాహనాల చరిత్రతోపాటు, వాటిని నిలుపుకొనదలచిన వారికి అవసరమైన వివరాలను పొందుపరిచాము.

పేర్లు, నిర్వచనాలు

పాత కారు అన్నంతమాత్రాన అది ‘వింటేజ్’ కాదు. బ్రిటన్‌లోని అభిమానుల సంప్రదాయం ప్రకారం 1930వ సంవత్సరాంతానికి ముందు తయారైన కార్లకే ఆ పేరు చెల్లుతుంది. ఆ తరువాతి దశాబ్దాలలో వచ్చిన ఎన్నదగిన కార్లను ‘క్లాసిక్’ అంటారు. పురాతన వాహనాల అంతర్జాతీయ సమాఖ్య కనీసం 30 సంవత్సరాల వయస్సు కలిగి, చారిత్రకంగా సరియైన స్థితిలో కాపాడబడుతూ, నిత్య ప్రయాణానికి ఉపయోగించని వాహనాన్ని చారిత్రక వాహనంగా పరిగణిస్తుంది.

మన దేశపు చట్టం మాత్రం వేరొక గీత గీసింది. కేంద్ర రవాణా శాఖ 2021 జూలైలో ప్రకటించిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ తేదీనుండి 50 సంవత్సరాలు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలే వింటేజ్ వాహనాలు. ఛాసీని, బాడీని, ఇంజనును గణనీయంగా మార్చిన బండికి ఈ హోదా లభించదు.

స్టేషన్ వ్యాగన్ అంటే, కారు పైకప్పును వెనుక చివరివరకు సమంగా పొడిగించి, డిక్కీ స్థానంలో నిలువు తలుపు అమర్చిన వాహనం. వెనుక సీటు మడిస్తే సామానుకు విశాలమైన స్థలం ఏర్పడుతుంది. బ్రిటిషువారు దీనిని ఎస్టేట్ కారు అన్నారు. మన దేశంలో రెండు పేర్లూ వాడుకలో ఉన్నాయి.

స్టేషన్ వ్యాగన్ పుట్టుక

రైల్వే స్టేషనులో దిగిన ప్రయాణికులను, వారి పెట్టెబేడాలను ఇళ్ళకు, హోటళ్ళకు చేరవేసే బండ్లనుండి అమెరికాలో ఈ పేరు పుట్టింది. తొలిరోజులలో కారు ఛాసీపై వడ్రంగులు చెక్కతో బాడీ కట్టేవారు. 1929లో ఫోర్డ్ కంపెనీ తన మోడల్-ఎ శ్రేణిలో స్టేషన్ వ్యాగన్‌ను ప్రవేశపెట్టింది. చెక్క బాడీ అందంగా ఉండేది గాని, ఏటా వార్నిషు పూయాలి, అతుకులు బిగించాలి. తేమ తగిలితే కుళ్ళు, చెదలు తప్పవు. 1946లో విల్లీస్ జీపు స్టేషన్ వ్యాగన్, 1949లో ప్లిమత్ సబర్బన్ పూర్తి ఉక్కు బాడీలతో వచ్చిన తరువాత చెక్క వ్యాగన్ల కాలం క్రమంగా ముగిసింది.

అమెరికాలో రెండు మూడు దశాబ్దాలపాటు కుటుంబ వాహనమంటే స్టేషన్ వ్యాగనే. 1983 చివర క్రైస్లర్ కంపెనీ మినీవ్యాన్లను తీసుకురావడం, ఆపై పెద్ద జీపు తరహా వాహనాలు ప్రబలడంతో వాటి ప్రాభవం తగ్గింది. ఒకనాడు ప్రతి వీధిలోనూ ఉన్నందువలననే వాటిని దాచుకోవాలని ఎవరికీ తోచలేదు. నేడు అక్కడి సేకరణకర్తలు వాటికోసం వెతుకుతున్నారు.

మన దేశంలో తయారైన కార్లు, ఎస్టేట్లు

స్వాతంత్ర్యానంతరం సుమారు మూడున్నర దశాబ్దాలపాటు మన రోడ్లపై ప్రధానంగా మూడు కంపెనీల కార్లే తిరిగాయి.

మొదటిది హిందుస్థాన్ మోటార్స్. 1942లో గుజరాత్‌లోని పోర్ట్ ఓఖాలో ఆరంభమై, 1948లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాకు తరలింది. బ్రిటన్‌లోని మోరిస్ కార్ల నమూనాలతో హిందుస్థాన్ 10, బేబీ హిందుస్థాన్, ల్యాండ్‌మాస్టర్ తయారుచేసి, 1957లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి ఆధారంగా అంబాసిడర్‌ను ప్రారంభించింది. ఆరంభంలో ఉన్న 1476 సి.సి. సైడ్ వాల్వు ఇంజను స్థానంలో కొద్దికాలానికే 1489 సి.సి. ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను వచ్చింది. అనంతరం డీజిలు ఇంజను, 1990లలో ఇసుజు 1800 సి.సి. పెట్రోలు ఇంజను చేరాయి. ఈ కారుకు ఎస్టేట్ రూపం కూడా ఉండేది. 2014 మే నెలలో ఉత్పత్తి నిలిచిపోయింది. 2017లో అంబాసిడర్ పేరు హక్కులను ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొన్నది.

రెండవది వాల్‌చంద్ హీరాచంద్ 1944లో బొంబాయిలో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్. డాడ్జ్, ప్లిమత్, డిసోటో కార్లతో మొదలై, కుర్లా కర్మాగారంలో ఫియట్ 1100ను తయారుచేసింది. 1964లో వచ్చిన 1100 డిలైట్ రూపమే 1970లలో ప్రీమియర్ పద్మిని అయింది. 2001 నాటికి దాని ఉత్పత్తి ఆగిపోయింది. ముంబయి నగరానికి గుర్తుగా నిలిచిన పద్మిని టాక్సీలు కూడా ఇరవై ఏళ్ళ వయోపరిమితి కారణంగా 2023 అక్టోబరుతో రోడ్లనుండి తప్పుకున్నాయి.

మూడవది మద్రాసుకు చెందిన స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్. వ్యాన్‌గార్డ్, స్టాండర్డ్ 10 తరువాత 1961నుండి 948 సి.సి. ఇంజనుగల స్టాండర్డ్ హెరాల్డ్‌ను అందించింది. బ్రిటన్‌లో ట్రయంఫ్ హెరాల్డ్‌గా పుట్టిన ఈ కారుకు నాలుగు తలుపుల సెలూన్, అయిదు తలుపుల ఎస్టేట్ రూపాలను మన దేశంకోసమే ప్రత్యేకంగా రూపొందించారు. మాతృదేశంలో సైతం లేని వాహనం కనుక, ఈ ఎస్టేట్ ఎక్కడ మిగిలి ఉన్నా అది అపురూపమే.

తరువాతి తరంలో 1992లో పూణె కర్మాగారంనుండి టెల్కో సంస్థ టాటా ఎస్టేట్‌ను డీజిలు ఇంజనుతో విడుదల చేసింది. అనంతరం మారుతి బలెనో ఆల్టురా, ఓపెల్ కోర్సా స్వింగ్, టాటా ఇండిగో మెరీనా వచ్చాయి. డిక్కీ విడిగా కనిపిస్తేనే కారుకు హుందాతనమని భావించిన కొనుగోలుదారులు వీటిని పెద్దగా ఆదరించలేదు. సంఖ్య తక్కువ కావడంతో రేపటి సేకరణకర్తలకు ఇవీ దుర్లభమవుతాయి.

వ్యాగన్లే ముందుగా ఎందుకు పోయాయి?

సెలూన్ కారును కుటుంబం గౌరవ చిహ్నంగా చూసుకున్నది. పెండ్లి ఊరేగింపుకు కడిగి, పూలు కట్టి, పని ముగియగానే గుడ్డ కప్పింది. వ్యాగన్ పాత్ర అది కాదు. రోగులను మోయడం, సరుకు చేరవేయడం, పదిమందిని ఎక్కించుకొని తిరునాళ్ళకు వెళ్ళడం దాని నిత్యకృత్యం. కమాను కట్టలు విరిగేవరకు పనిచేసింది.

నిర్మాణంలోనూ ఒక బలహీనత ఉంది. వెనుక తలుపు రబ్బరు ఎండి బీటలు వారితే వాననీరు లోపలికి దిగి, నేలరేకు కింద నిలిచి, వెనుక చక్రాల గూళ్ళను లోపలినుండి తినివేస్తుంది. పైకి రంగు బాగానే కనిపిస్తుంది. ఇంజను, గేరు పెట్టె సెలూన్‌వే కనుక దొరుకుతాయి. వెనుక తలుపు, పక్క అద్దాలు, వాటి చట్రాలు మాత్రం దొరకవు. కాబట్టి చిన్న ప్రమాదం జరిగినా వ్యాగన్ తుక్కు దుకాణానికే చేరేది. ఈ రోజు పాత వ్యాగన్ చూసేవారు మొదట పరిశీలించవలసింది ఇంజనును కాదు, వెనుక తలుపును, నేలరేకును.

సేకరణ అనే అభిరుచి

మన దేశంలో ఈ అభిరుచికి సంఘటిత రూపం వచ్చి ఆరు దశాబ్దాలు దాటింది. స్టేట్స్‌మన్ పత్రిక ఢిల్లీలో 1964నుండి, కలకత్తాలో 1968నుండి పాతకార్ల ర్యాలీలు నిర్వహించింది. ముంబయి, బెంగళూరు, చెన్నై నగరాలలోని అభిమాన సంఘాలు ప్రదర్శనలు జరుపుతున్నాయి. హర్యానాలోని తావడూలో 2013లో వారసత్వ రవాణా ప్రదర్శనశాల ప్రారంభమైంది. కర్ణాటకలోని ధర్మస్థల క్షేత్రంలోనూ చెప్పుకోదగిన కార్ల సేకరణ ఉన్నది.

తమిళనాట స్థిరపడిన తెలుగువారికి ఆత్మీయమైనది కోయంబత్తూరులోని జీడీ కార్ల ప్రదర్శనశాల. ఆ పేరు జి.డి. నాయుడుగారిది. 1893లో కలంగల్ గ్రామంలో తెలుగు కుటుంబంలో జన్మించిన ఆయన 1920లో ఒకే ఒక మోటారు బస్సుతో రవాణా వ్యాపారం ఆరంభించి, అనంతరం యంత్ర పరిశ్రమకు, సాంకేతిక విద్యకు విశేష సేవ చేశారు. ఆయన 1974లో మరణించగా, కుటుంబం 2015లో ఈ ప్రదర్శనశాలను తెరిచింది. పిల్లలతో కోయంబత్తూరు వెళ్ళినవారు చూడదగిన స్థలమిది.

జీవితమంతా ఈ అభిరుచిని కొనసాగించినవారి పద్ధతిలో ఒక పోలిక కనిపిస్తుంది. సాధారణంగా తొలి కారు ఇంటిదే అయి ఉంటుంది. తరువాత వారు చేతికందిన ప్రతిదీ కొనక, ఒక కంపెనీకో, ఒక దశాబ్దానికో, వ్యాగన్ వంటి ఒక రూపానికో పరిమితమవుతారు. ఒకే రకం కార్లు రెండుంటే విడిభాగాలు, పనిముట్లు, మెకానిక్ అనుభవం ఒకదానికొకటి అక్కరకు వస్తాయి. కారుతోపాటు దాని కంపెనీ పుస్తకం, మొదటి రసీదు, పాత ఫొటోలు కూడా భద్రపరుస్తారు.

ఇంట్లో ఉన్న బండిని గుర్తించడం

ముందుగా బానెట్ ఎత్తి, ఇంజను గదిలో బిగించిన పలకమీది ఛాసీ నంబరును, ఇంజనుపై కొట్టిన నంబరును రాసుకోవాలి. తుడిచేటప్పుడు ఉప్పుకాగితం వాడరాదు. అంకెలు చెరిగితే మళ్ళీ రావు. రెండు నంబర్లనూ మనవారు సి-బుక్కు అని పిలిచే రిజిస్ట్రేషన్ పత్రంతో సరిచూడాలి. ఒకప్పుడు పెట్రోలు ఖర్చు భరించలేక అనేకులు పాత అంబాసిడర్లలో డీజిలు ఇంజన్లు బిగించుకొన్నారు. అటువంటి మార్పు పత్రంలో నమోదు కాకుంటే ఇంజను నంబరు కలియదు.

నంబరు పలక కూడా ఒక చారిత్రక పత్రమే. ప్రస్తుత పద్ధతి 1989లో వచ్చింది. అంతకుముందు మూడు అక్షరాలు, నాలుగంకెల వరకు సంఖ్య ఉండేవి. ఆ అక్షరాలు ఆనాటి రాష్ట్రాన్ని చెబుతాయి. 1953 అక్టోబరు 1న అప్పటి బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రానికి, బళ్ళారితో సహా మరికొన్ని తాలూకాలు మైసూరుకు, అంతవరకు ఉన్న మద్రాసు రాష్ట్రంనుండి విడిపోయాయి. తిరుత్తణి 1960 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌నుండి మద్రాసు రాష్ట్రంలో చేరింది. కాబట్టి సరిహద్దున పుట్టిన కారుకు ఇల్లు ఒక రాష్ట్రంలో, పాత రికార్డు వేరొక రాష్ట్రంలో ఉండే అవకాశం ఉన్నది. రికార్డు కోసం మొదట ఏ కార్యాలయానికి వెళ్ళాలో ఆ పలకే చెబుతుంది.

కాగితాలు: వారసత్వం, సరిహద్దు, వయస్సు

యజమాని మరణించిన పిదప వాహనం తనంత తానుగా వారసులకు మారదు. మరణించిన 30 రోజులలో రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేసిన వారసుడు మూడు నెలలవరకు బండిని వాడుకోవచ్చు. ఆ గడువులోగా 31వ నంబరు ఫారంలో తన పేరుకు మార్చవలసిందిగా దరఖాస్తు చేయాలి. మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం, ఇతర వారసుల సమ్మతి అవసరమవుతాయి. అన్నదమ్ములు వేర్వేరు రాష్ట్రాలలో స్థిరపడిన కుటుంబాలు ఇక్కడనే వాయిదా వేస్తాయి. సంవత్సరాలు గడిచేకొద్దీ సంతకం చేయవలసినవారి సంఖ్య పెరుగుతుంది గాని తగ్గదు.

ఒక రాష్ట్రంలో రిజిస్టరైన వాహనాన్ని మరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే, 1988 మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం అక్కడ కొత్త నంబరు పొందాలి. అందుకు మొదటి రాష్ట్రంనుండి 28వ నంబరు ఫారం ద్వారా నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. కొత్త రాష్ట్రంలో పన్ను కట్టవలసి ఉంటుంది. పొలం ఆవలి రాష్ట్రంలో, ఇల్లు ఈవలి రాష్ట్రంలో ఉన్న కుటుంబాలు దీనిని విస్మరించరాదు. బంధువుల ఇంటనుండి పాత కారు తెచ్చుకొనేవారు బండిని కదిలించకముందే నిరభ్యంతర పత్రం చేతికి తీసుకోవడం మేలు.

సొంత వాడుక కారుకు తొలి రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు చెల్లుతుంది. తరువాత అయిదేళ్ళకొకమారు 25వ నంబరు ఫారంలో దరఖాస్తు చేసి పునరుద్ధరించుకోవాలి. దీని రుసుము 2022 ఏప్రిల్‌నుండి 600 రూపాయలనుండి 5,000 రూపాయలకు, ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెరిగింది. రాష్ట్రాలు విధించే హరిత పన్ను దీనికి అదనం. బండిని తనిఖీ అధికారి ముందు నిలపాలి కనుక బ్రేకులు, దీపాలు, హారను సక్రమంగా ఉండాలి.

యాభై ఏళ్ళు దాటిన కారుకు వింటేజ్ రిజిస్ట్రేషన్ అనే మరొక మార్గముంది. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, తదుపరి నమోదుకు 5,000 రూపాయలు రుసుము. పత్రం 10 సంవత్సరాలు చెల్లుతుంది. ఇదివరకే రిజిస్టరైన కారు తన పాత నంబరును నిలుపుకోవచ్చు. కొత్తగా నమోదయ్యే వాటికి ‘వి.ఎ.’ అక్షరాలుగల ప్రత్యేక నంబరు ఇస్తారు. అయితే అటువంటి కారును నిత్య ప్రయాణానికి గాని, కిరాయికి గాని వాడరాదు. ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, ఇంధనానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. కనుక సంతకు, పొలానికి కారును వాడదలచినవారు సాధారణ పునరుద్ధరణ మార్గాన్నే ఎంచుకోవాలి.

యాంత్రిక సంరక్షణ

ఏళ్ళ తరబడి నిలిచిన కారును బ్యాటరీ పెట్టి వెంటనే సెల్ఫు కొట్టరాదు. ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క సిలిండరులో కొద్దిగా ఇంజను ఆయిలు పోసి, ఒకరోజు ఆగి, చేతితో ఇంజనును నెమ్మదిగా తిప్పాలి. తిరగకుంటే బలప్రయోగం చేయక మెకానిక్‌ను పిలవాలి. పాత పెట్రోలును పూర్తిగా తీసివేసి, టాంకు కడిగి, ఆయిలు, కూలెంటు మార్చిన తరువాతనే అంటించాలి. రోడ్డెక్కేముందు బ్రేకు సిలిండర్లు, గొట్టాలు విప్పి చూడటం తప్పనిసరి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొని లోపల తుప్పు పట్టిస్తుంది.

ఆనాటి బ్రిటిషు కార్లలో అనేకవాటికి బ్యాటరీ పాజిటివ్ తీగ బాడీకి కలుస్తుంది. నేటి కార్ల అలవాటుతో తారుమారుగా కలిపితే డైనమో వ్యవస్థ దెబ్బతింటుంది. అంబాసిడర్, హెరాల్డ్ బోల్టులు అంగుళాల కొలతవి, ఫియట్‌వి మిల్లీమీటర్లవి. సరికాని స్పానరుతో విప్పితే మరలు అరిగిపోతాయి.

ఇంధనం గురించి ప్రత్యేక జాగ్రత్త అవసరం. సీసం కలిపిన పెట్రోలు దేశమంతటా 2000 సంవత్సరంలో నిలిచిపోయింది. 2025 నాటికి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు సర్వత్రా వచ్చింది. ఇథనాల్ తేమను ఆకర్షిస్తుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలను, డయాఫ్రంలను, కార్క్ గాస్కెట్లను పాడుచేస్తుంది. ఇథనాల్‌ను తట్టుకొనే కొత్త గొట్టాలు వేయించి, నెలకు మించి కారు నిలిపేటప్పుడు టాంకు, కార్బురేటరు ఖాళీ చేయడం మంచిది. గొట్టం కారి వేడి ఇంజనుపై పడితే నిప్పంటుకొనే ప్రమాదముంది గనుక ఇది పొదుపు చూడవలసిన ఖర్చు కాదు.

నిలిపి ఉంచిన కారుకు మట్టినేల, పశువుల మూత్రం, ఎరువుల బస్తాలు శత్రువులు. బండపరుపుమీద నిలిపి, గాలి ఆడే నూలు గుడ్డ కప్పాలి. ప్లాస్టిక్ పట్టా లోపల తేమను బంధిస్తుంది. పక్షానికొకసారి పది కిలోమీటర్లు నడిపించడం ఏ మందుకంటెనూ మేలైనది.

ఉంచాలా, అమ్మాలా?

అన్ని పాత కార్లనూ కాపాడటం సాధ్యం కాదు. ఛాసీ కుళ్ళి, కాగితాలు పోయిన బండికి లక్షలు వెచ్చించడం వివేకం కాదు. అటువంటి దానిని గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి అప్పగించి, రిజిస్ట్రేషన్ రద్దు పత్రం తీసుకోవాలి. పేరు మారకుండా తూకానికి అమ్మితే, ఆ నంబరుతో జరిగే తప్పిదాలకు పాత యజమాని కుటుంబమే సమాధానం చెప్పుకోవలసి రావచ్చు.

బాడీ గట్టిగా ఉండి కాగితాలు దొరికితే మాత్రం తొందరపడి ఇనుము ధరకు ఇవ్వవద్దు. ప్రత్యేకించి అది ఎస్టేట్ అయితే, అమ్మేముందు దగ్గరి నగరంలోని పాతకార్ల సంఘానికి ఫొటోలు చూపి, దాని అసలు విలువ తెలుసుకోవాలి. అమ్మినా, ఉంచుకున్నా, మొదట వారసుని పేరుకు మార్చి అటుపై ముందుకు సాగాలి. సంతకం చేయవలసిన పెద్దలు ఇంట ఉండగానే ఆ పని ముగించుకోవడం ఉత్తమం.